ఇల్లు ఒక రాష్ట్రంలో, కొలువు మరో రాష్ట్రంలో

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. "సర్వీసు ముచ్చట్లు వద్దండీ, అవి ప్రతి సంచికలోనూ వస్తున్నాయి. ఈసారి చరిత్ర వ్రాయండి" అన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో యాభై ఎనిమిదేళ్లు నిండి బయటికి వచ్చిన గుమాస్తాను. నాకు తెలిసిన చరిత్ర అంతా ఇతరులు డిక్టేటు చేయగా నేను ఫెయిరు కాపీ తీసినదే. అయితే మా ఇంట్లో ఒక విషయం మూడు తరాలుగా జరుగుతోంది. కాపురం ఒక రాష్ట్రంలో, ఉద్యోగం మరో రాష్ట్రంలో. మా నాన్నగారికి మద్రాసు, కర్నూలు. మా అబ్బాయికి సికింద్రాబాదు, వెలగపూడి. నడుమ నేనొక్కణ్ణే ఇంటి నుంచి క్యారియరు పట్టుకుని వెళ్లి సాయంత్రం అదే ఇంటికి తిరిగి వచ్చిన అదృష్టవంతుణ్ణి. ఆ అదృష్టం వల్లనే నేనొక తప్పు చేశాను. అదీ ఇందులో చెబుతాను.

హుస్సేన్‌సాగర్‌కు అటూ ఇటూ

ఈ సంగతి మన సికింద్రాబాదుకు కొత్త కాదు. ఈ ఊరు పుట్టిందే రెండు పాలనల నడుమ. 1798లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ సైన్య సహకార ఒప్పందం కుదిరింది. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్ ఉత్తరపు ఒడ్డున విడిది చేశాయి. 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద ఆ విడిదికి సికింద్రాబాదు అని పేరు వచ్చింది. నేల నిజాముది, అధికారం దొరలది. చెరువు కట్టకు ఇటు రెసిడెంటు మాట చెల్లేది, అటు దివాను మాట చెల్లేది.

నాణెం కూడా రెండు రకాలు. హైదరాబాదులో హాలీ సిక్కా, కంటోన్మెంటులో కల్దారు అనే ఇంగ్లీషు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు మారకం. ఒక పాలనలో జీతం తీసుకుని ఇంకో పాలనలో బియ్యం కొనుక్కునేవాడు జేబులో ఈ ఏడో ఎక్కం, ఆరో ఎక్కం పెట్టుకుని తిరగవలసిందే. 1874లో వాడి నుంచి రైలు వచ్చింది, 1889కి ఆ దారి బెజవాడ దాకా సాగింది. దానితో మద్రాసు రాజధాని ప్రాంతంవారు ఇక్కడికి రావడం సులువయింది. 1940ల నడుమ కంటోన్మెంటు కాని సికింద్రాబాదు భాగం తిరిగి నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆ తరువాత రెండు రాజ్యాల లెక్క పోయింది గాని, "హైదరాబాదు వెళ్లొస్తా" అనే మాట మాత్రం సికింద్రాబాదువాళ్ల నోట ఇంకా పోలేదు. మా సీతాఫల్‌మండిలో ఇప్పటికీ ఆబిడ్సుకు వెళ్లడమంటే హైదరాబాదు వెళ్లడమే.

అయితే ఆనాటి ప్రయాణం నడకతోనో, జట్కాతోనో తీరేది. పొద్దున దాటిన ఎల్లను సాయంత్రం మళ్లీ దాటి ఇంటికి చేరేవారు. అసలు కష్టం ఆ ఎల్ల రాత్రి ప్రయాణమంత దూరం జరిగినప్పుడు మొదలయింది.

గుడారాల రాజధాని

పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15 రాత్రి మద్రాసులో అమరులయ్యారు. నాలుగు రోజులకు ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి అయ్యారు. మద్రాసు మనది కాదని తేలిపోయింది. కొంతకాలమైనా అక్కడ ఉండనివ్వమన్న మాట కూడా సాగలేదు. 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక ప్రకారం రాజధానో హైకోర్టో ఏదో ఒకటి రాయలసీమకు దక్కాలి. ఆ లెక్కన రాజధాని కర్నూలుకూ, 1954 జులై 5న ప్రారంభమైన హైకోర్టు గుంటూరుకూ వెళ్లాయి.

కర్నూలు ఒక జిల్లా కేంద్రం. ఒక రాష్ట్ర ప్రభుత్వానికి సరిపడా కట్టడాలు అక్కడ లేవు. కొన్ని కార్యాలయాలకు ఉన్న భవనాలే దిక్కయ్యాయి, మిగిలినవాటికీ ఉద్యోగుల నివాసానికీ గుడారాలు వేశారు. చరిత్ర పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోతాయి. ఆ వాక్యంలో మా నాన్నగారు మూడేళ్లు కాపురమున్నారు.

ఆయన మద్రాసు సచివాలయంలో గుమాస్తా. ఆంధ్ర ప్రాంతంవారు గనుక ఆంధ్ర రాష్ట్రానికి కేటాయించారు. ట్రిప్లికేనులో అద్దె ఇల్లు, ఇంట్లో మా నాయనమ్మ, అమ్మ, అక్క, మూడేళ్ల నేను. "గుడారంలో ఆడవాళ్లను ఎలా పెడతాను? ఇల్లు దొరకగానే తీసుకెళ్తాను" అని చెప్పి ఆయన ఒక్కరూ ఒక పరుపుచుట్ట, ఒక ట్రంకు పెట్టె పట్టుకుని బయలుదేరారు. బొంబాయి దారిలో గుంతకల్లు దాకా వెళ్లి, అక్కడ చిన్న గేజీ బండికి మారి డోన్ మీదుగా కర్నూలు. ఒక పూట సెలవు పెడితే చాలే దూరం కాదు. రెండు మూడు నెలలకొకసారి వచ్చేవారు. మధ్యలో మనియార్డరు, ఇన్లాండు కవరు. ఇల్లు దొరకనే లేదు.

గుడారం గురించి ఆయన ఎక్కువ చెప్పేవారు కాదు. అడిగితే, "పగలు ఫైళ్లు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టేవాళ్లం, రాత్రి పక్క దులిపి తేళ్లు చూసుకునేవాళ్లం. జి.ఓ.లు మాత్రం ఆగలేదురా" అని నవ్వేవారు. ఆయన చెప్పని సంగతి మా అమ్మ చెప్పేది. ఒకసారి నాన్నగారు కర్నూలు నుంచి తెల్లవారుజామున వచ్చి గడపలో నిలబడితే, నేను ఆమె వెనక దాక్కుని "ఎవరమ్మా ఈయన?" అన్నానట. ఆయన నవ్వేసి స్నానానికి వెళ్లారట. ఆ పూట భోజనం మాత్రం సరిగ్గా చేయలేదట.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కర్నూలు గుడారాలు పీకి సచివాలయం హైదరాబాదుకు వచ్చింది. మరుసటి వేసవి సెలవుల్లో మేమందరం మద్రాసు వదిలి సీతాఫల్‌మండిలో రెండు గదుల పోర్షనులో చేరాం. అప్పటికి నాకు ఏడేళ్లు. నాన్నగారు రోజూ ఇంట్లో ఉంటారని నాకు తెలిసింది ఆ ఏడే.

2014 జూన్ 2

ఆ తరువాత యాభై ఏడేళ్లు మన ఉద్యోగులకు రాష్ట్రం, రాజధాని, ఇల్లు అన్నీ ఒక్కచోటే. ముల్కీ గొడవలు, ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 610 జి.ఓ. అన్నీ మన మిత్రులకు కంఠతా వచ్చినవే గనుక మళ్లీ వ్రాయను.

పునర్విభజన చట్టం ప్రకారం 2014 జూన్ 2 నుంచి రెండు రాష్ట్రాలు. అయిదో సెక్షను ప్రకారం హైదరాబాదు పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని. ఉద్యోగుల పంపకానికి కమలనాథన్ కమిటీ. ఆ రోజుల్లో ఆప్షను ఫారాల గురించి మాట్లాడుకోని ఇల్లు మా వీధిలో లేదు. మా అబ్బాయి సచివాలయంలో ఉద్యోగి. స్థానికత రీత్యా అతనికి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. కంగారు పడలేదు. "పదేళ్లు టైముంది నాన్నగారూ, బ్లాకులు వేరయినా గేటు ఒకటే" అన్నాడు.

నిజానికి మొదట కదలింది మనుషులు కాదు, లెక్కలు. నేను సీతాఫల్‌మండిలో కుర్చీలో కూర్చునే ఉన్నాను, నా పింఛను మాత్రం రెండు ముక్కలయింది. విభజనకు ముందు మంజూరైన పింఛన్ల భారాన్ని చట్టంలోని ఎనిమిదో షెడ్యూలు జనాభా ప్రాతిపదికన పంచింది. ఆ నిష్పత్తి ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68. మా ఆవిడకు ఇది చెబితే, "అయితే మీ పెన్షనులో సగానికి పైగా అటునుంచి నడిచి వస్తోందన్నమాట" అంది. ప్రయాణం చేయకుండానే రెండు రాష్ట్రాల మధ్య బతుకుతున్నవాళ్లలో మన పింఛనుదారులం మొదటివాళ్లం.

పదేళ్ల గడువు రెండేళ్లకే కరిగింది. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2016 మొదట్లో వెలగపూడిలో తాత్కాలిక సచివాలయం పనులు మొదలుపెట్టారు. ఉద్యోగులు జూన్ 27 లోగా రావాలని గడువు పెట్టారు. రప్పించడానికి సౌకర్యాలూ ఇచ్చారు. వారానికి అయిదు రోజుల పని, రోజుకు కాస్త ఎక్కువ సేపు. హైదరాబాదుతో సమానంగా 30 శాతం ఇంటి అద్దె భత్యం. గుంటూరు–విజయవాడ దారిలో అపార్టుమెంట్లు తీసుకుని, ఒక్కో ఇంట్లో కొందరిని కలిపి ఉచిత వసతి. అయిదు రోజుల వారం మొదట ఒక్క ఏడాదికే ఇచ్చారు. ఏటేటా పొడిగిస్తూ వచ్చారు. తాత్కాలికం అనే మాటకు సర్కారు నిఘంటువులో ఆయుర్దాయం ఎక్కువని మనకు తెలియనిదా!

అన్నిటికంటె ముఖ్యమైనది రైలు. 2016 జూన్‌లోనే విజయవాడ నుంచి గుంటూరు, నల్గొండ మీదుగా సికింద్రాబాదుకు ఇంటర్‌సిటీ ఎక్స్‌ప్రెస్ వేశారు. తరువాత దాన్ని లింగంపల్లి దాకా పొడిగించారు. తెల్లవారుజామున ఇక్కడ బయలుదేరుతుంది, సాయంత్రం అక్కడ బయలుదేరి రాత్రికి వస్తుంది. మా వాళ్లు దానికి పెట్టుకున్న పేరు సచివాలయం రైలు. సోమవారం పొద్దున సికింద్రాబాదు స్టేషనులో చూడాలి, సెక్షనుకు సెక్షనే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండేది. చేతిలో అయిదు జతల బట్టలు, పచ్చడి సీసా, భుజాన ల్యాప్‌టాప్. మంగళగిరిలో దిగి బస్సెక్కి వెలగపూడి. శుక్రవారం సాయంత్రం ఇదే వరుస వెనక్కి.

హైకోర్టువారికి ఆ మాత్రం వ్యవధి కూడా దొరకలేదు. 2018 డిసెంబరు 26న ఉత్తర్వు వచ్చింది, 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరుగా పనిచేయడం మొదలుపెట్టింది. మధ్యలో వారం రోజులు కూడా లేవు. మా పక్కింటి కుర్రవాడు డిసెంబరు నెలాఖరున పిల్లల్ని బడిలో దింపి అటునుంచి అటే సామాను సర్దుకోవడానికి వెళ్లాడు.

ఒకే ఇంటికి రెండు రాష్ట్రాల రూల్సు పడితే ఎలా ఉంటుందో మా వీధిలో ఇంకొక దంపతులను చూస్తే తెలుస్తుంది. భర్త ఆంధ్రప్రదేశ్ ఉద్యోగి, భార్య తెలంగాణ ఉద్యోగి. 2021లో తెలంగాణ పదవీ విరమణ వయసు 61 చేసింది, 2022లో ఆంధ్రప్రదేశ్ 62 చేసింది. "ఒకే పెళ్లి, రెండు పి.ఆర్.సి.లు" అని ఆయన చమత్కారం.

నేను ఇచ్చిన సలహా

ఇప్పుడు నా తప్పు సంగతి.

2016లో మా అబ్బాయి కుటుంబాన్ని కూడా గుంటూరుకు తీసుకుపోతానన్నాడు. వద్దన్నది నేను. నా దగ్గర కారణాలు పాయింట్ల వారీగా ఉన్నాయి. ఒకటి, సొంత ఇల్లు ఉండగా అద్దె ఎందుకు. రెండు, కోడలు ఇక్కడ ఒక ప్రయివేటు బడిలో టీచరు, ఆ ఉద్యోగం పోతుంది. మూడు, మనవరాలి చదువు. చేరబోయే కోర్సుకు అర్హత పరీక్షతో కలిపి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు అన్నది 1974 నుంచి ఉన్న నిబంధన. విభజన తేదీ నుంచి మూడేళ్లలోగా ఆంధ్రప్రదేశ్‌కు తరలివెళ్లినవారిని అక్కడ స్థానికులుగా పరిగణిస్తూ 2016 జూన్‌లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, ఆ గడువును తరువాత మళ్లీ మళ్లీ పొడిగించారు. "పొడిగిస్తారు, చూద్దాం, తొందరెందుకు" అన్నాను. పొడిగించారు కూడా. నా నోటు ఫైలులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాలుగో కారణం మాత్రం వ్రాయలేదు. పిల్లలు వెళ్లిపోతే ఇల్లు బోసిపోతుందని నాకు భయం.

అతను ఎదురు చెప్పే రకం కాదు. వారానికొకసారి రావడం మొదలుపెట్టాడు. శుక్రవారం రాత్రి పదిన్నర, పదకొండుకు ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయేవారు. శనివారం గ్యాసు, కరెంటు బిల్లు, బ్యాంకు. ఆదివారం మధ్యాహ్నం దాటితే మళ్లీ సర్దుడు. మనవడికి అప్పుడు నాలుగేళ్లు.

మనవడి బడిలో ప్రోగ్రెస్ కార్డు సోమవారం ఇచ్చి బుధవారానికి సంతకంతో తిరిగి పంపమనేవారు. వాళ్ల నాన్న ఉండేది శని, ఆదివారాలు. కార్డు మీద తండ్రి లేక సంరక్షకుని సంతకం అని ఒకే గడి ఉండేది. కోడలు, "మీరే పెట్టండి మామయ్యగారూ, పెద్దవారు" అని నాకిచ్చేది. నేను కూడా సర్వీసు అలవాటు కొద్దీ సంతోషంగా పెట్టేవాణ్ణి. ఆఫీసరుగారు క్యాంపులో ఉంటే మనం "ఫర్" అని వ్రాసి క్రింద సంతకం చేయమూ? అలాగే.

2018 వేసవిలో పై తరగతి ఫారాల కోసం వెదుకుతూ ఆ కార్డులు రెండూ తీశాను. రెండేళ్లవి. పన్నెండు గళ్లు, పన్నెండూ నా సంతకాలే. అదే ట్రంకు పెట్టెలో అడుగున నా మద్రాసు బడి టి.సి. కూడా దొరికింది. దాన్ని సర్వీసులో చేరినప్పుడు ఎన్నోసార్లు అటెస్టు చేయించాను గాని సంతకం ఎవరిదో ఎన్నడూ చూసుకోలేదు. తండ్రి లేక సంరక్షకుడు అన్నచోట మా మేనమామ సంతకం ఉంది. ఆ పక్కన బ్రాకెట్లలో, తండ్రి కర్నూలు క్యాంపు అని వ్రాసి ఉంది.

చాలాసేపు అక్కడే కూర్చున్నాను. అరవై ఏళ్ల తేడాతో ఒకే కాగితం. మా నాన్నగారికి గత్యంతరం లేదు, ఇల్లు దొరకలేదు. మా అబ్బాయికి ఇల్లు దొరికింది, రైలు ఉంది, భత్యం ఉంది. అడ్డం పడ్డది నేను. ఆ శనివారం ఇద్దర్నీ కూర్చోబెట్టి, "నా సలహా వాపసు తీసుకుంటున్నాను, పిల్లల్ని తీసుకుని వెళ్లండి" అన్నాను. అబ్బాయి ఏమీ అనలేదు. ఆ రెండు కార్డులూ అడిగి తీసుకుని తన సంచిలో పెట్టుకున్నాడు. ఎందుకని నేనూ అడగలేదు.

బడి సంవత్సరం మొదలైపోయింది గనుక ఆ ఏడూ రైలు తప్పలేదు. 2019 జూన్‌లో వాళ్లు గుంటూరు వెళ్లారు. ఆరు నెలలు తిరక్కుండానే మూడు రాజధానుల ప్రకటన వచ్చింది, మళ్లీ విశాఖపట్నానికి సర్దుకోవాలా అని వెలగపూడిలో అందరికీ గుబులు. 2021 నవంబరులో ఆ చట్టాన్ని ఉపసంహరించుకున్నారు. రాజకీయం మన సంఘం పరిధిలోది కాదు. కాని రాజధాని మాట మారిన ప్రతిసారీ ఒక ఇంట్లో పిల్లల బడి, అత్తమామల మందులు, అడ్వాన్సు ఇచ్చిన అద్దె ఇల్లు, అన్నీ ఒకసారి కదులుతాయన్నది మాత్రం మన పరిధిలోదే.

కదలని గుమాస్తా, కదిలే ఫైలు

2020 మార్చి ఆఖరి వారంలో కరోనా లాక్‌డౌన్ వచ్చేసరికి వాళ్లు ఇక్కడే ఉన్నారు. మా ఆవిడకు కంటి ఆపరేషను అని చూడటానికి వచ్చి చిక్కుబడ్డారు. రైళ్లు ఆగిపోయాయి. అప్పుడు చూశాను నేను, ఇంటి నుంచి ఉద్యోగం అంటే ఏమిటో. మా ముందు గది వెలగపూడిలో ఒక సెక్షను అయిపోయింది. సీతాఫల్‌మండిలో కూర్చుని ఆంధ్రప్రదేశ్ ఫైలు నడుపుతున్నాడు.

ఈ పద్ధతికి ఇంగ్లీషులో టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టినవాడు జాక్ నిల్స్ అనే అమెరికన్ ఇంజనీరు, 1973లో. నేను ఎల్.డి.సి.గా చేరిన సంవత్సరమే అది. నేను ఇన్వర్డు రిజిస్టరులో తపాలు ఎక్కిస్తూ ఉండగా, మనిషి బదులు పనినే ప్రయాణం చేయిస్తే రోడ్ల మీద రద్దీ తగ్గుతుంది గదా అని ఆయన ఆలోచిస్తున్నాడన్నమాట.

ఈ-ఆఫీసు చూపించమని మా అబ్బాయిని అడిగాను. కరస్పాండెన్సు ఒక పక్క, నోటు ఒక పక్క. పచ్చ కాగితం మీద వ్రాసినట్టే నోటు ఫైలు పచ్చగా ఉంది! క్రింద ఎవరు ఎప్పుడు చూశారో నిమిషాలతో సహా వస్తోంది. "ఫైలు అయ్యగారి టేబుల్ మీద ఉంది" అనే మన పాత అబద్ధానికి చోటు లేదు. ఎర్ర దారం లేదు, ట్యాగు లేదు, ఫ్లాగు చీటీ గుండుసూది గుచ్చుకోదు. మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఆఫీసరు సంతకం అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చింది.

అప్పుడు నాకు మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఆయన ఫైలు కోసం కర్నూలు వెళ్లారు. ఫైలే ట్రిప్లికేనుకు వచ్చి ఉంటే నేను ఆయన్ని "ఎవరు?" అని అడిగేవాణ్ణి కాదు. అయితే పూర్తిగా మురిసిపోవలసింది కూడా లేదు. సాయంత్రం అయిదు దాటినా ఆ తెర ఆరేది కాదు. నేను గేటు దాటి వచ్చాక ఆఫీసు నా వెంట ఇంటికి రాలేదు, అది ఆ కాలపు సుఖం. పాత కాగితపు ఫైళ్లు కావలసి వచ్చినప్పుడు ఎవరో ఒకరు అక్కడ బీరువా తీయక తప్పేది కాదు. ఆంక్షలు సడలగానే వాళ్లు గుంటూరు చేరుకున్నారు.

పన్ను ఎవరికి కట్టాలి?

మా తమ్ముడి కూతురు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఉన్న ఊరు. ఆమె ఉద్యోగం న్యూయార్క్ రాష్ట్రంలో. రోజూ రైల్లో వెళ్లి వచ్చేది, కరోనా తరువాత సగం రోజులు ఇంటి నుంచే. అక్కడ రాష్ట్రాలకు కూడా ఆదాయపు పన్ను ఉంది. న్యూయార్క్ సంస్థలో పనిచేసేవారు తమ వీలుకోసం ఇంట్లో కూర్చుని పనిచేసినా ఆ రోజు జీతం మీద పన్ను న్యూయార్క్‌కే కట్టాలన్నది ఆ రాష్ట్రం రూలు. ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసరు కనెటికట్‌లో ఉంటూ న్యూయార్క్‌లో పాఠాలు చెప్పేవారు. ఇంట్లో పనిచేసిన రోజులకు న్యూయార్క్‌కు పన్ను ఎందుకని ఆయన కోర్టుకెక్కారు. 2003లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానంలో ఓడిపోయారు. న్యాయశాస్త్రం చెప్పేవారికే గెలవడం కష్టమైందంటే మామూలువాళ్ల మాటేమిటి!

మనకు ఆ బాధ లేదు. జీతం మీద ఆదాయపు పన్ను కేంద్రానిదే. రాష్ట్రానికి వెళ్లేది వృత్తి పన్ను, అది రాజ్యాంగం ప్రకారం ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. మా అబ్బాయి జీతంలో నెలకు కోసే రెండు వందలూ ఆంధ్రప్రదేశ్‌కు పోయేవి, ఇంటి పన్ను ఇక్కడి నగర పాలక సంస్థకు పోయేది. ఇంటిల్లిపాది రెండు రాష్ట్రాలకూ పెట్టిన అసలు ఖర్చు రెండు వందలతో తేలేది కాదు, దానికి ఏ ఖాతాలోనూ పద్దు లేదు.

చివరి మాట

2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు ముగిసింది. హుస్సేన్‌సాగర్ పక్కన మనం పనిచేసిన సచివాలయం బ్లాకులూ ఇప్పుడు లేవు. 2020లో వాటిని తీసేశారు, 2023లో కొత్త భవనం లేచింది.

ఈ కథలో నాకు తేలింది ఒక్కటే. రాజధాని ఒక తేదీన కదులుతుంది, దానికి జి.ఓ. ఉంటుంది. ఇల్లు కదలడానికి ఏళ్లు పడుతుంది, దానికి జి.ఓ. ఉండదు. నడుమ ఉన్న కాలాన్ని ఎవరో ఒకరు "ఫర్" అని సంతకం పెట్టి నెట్టుకొస్తారు. బదిలీ వచ్చిన పిల్లలు సలహా అడిగితే మన ఇంటి సౌకర్యం కొంచెం పక్కన పెట్టి సమాధానం చెప్పమని నా తోటి తాతలకు మనవి.

ఇప్పుడు ఆ రైలు ఎక్కేది నేను. నెలకొకసారి నేనూ మా ఆవిడా తెల్లవారుజామున సికింద్రాబాదు స్టేషనుకు వెళ్తాం. కిందటి నెల మనవడు గుంటూరు స్టేషనుకు వచ్చి నా సంచి అందుకున్నాడు, నాకంటె పొడుగయ్యాడు. సంచిలో ఆవకాయ జాడీ ఉందని జాగ్రత్త చెప్పాను.

మిత్రులారా, 1953లో మద్రాసు నుంచి, 1956లో కర్నూలు నుంచి తరలివచ్చిన ఉద్యోగుల పిల్లలు మనలో ఇంకా కొందరున్నారు. 2016లో వెళ్లినవారి తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. ఆనాటి బదిలీ ఉత్తర్వులు, ఇన్లాండు కవర్లు, గుడారాల ఫొటోలు, రైలు పాసులు ఏమైనా ఉంటే చెదలు పట్టకముందే జిరాక్సు తీయించి సంఘం కార్యాలయానికి పంపండి. కార్యదర్శిగారు వాటిని ఒక ఫైలుగా కట్టిస్తామన్నారు. ట్యాగు నేను తెస్తాను.